చిల్లర డబ్బా నింపేముందు, ఖాళీ చేసే దారి చూసుకోండి

చిల్లర దాచడం గురించి ఎవరిని అడిగినా ఒక డబ్బా పెట్టుకోండి, రోజూ అందులో వేస్తూ ఉండండి అంటారు, అక్కడితో ఆపేస్తారు. వేయడం ఎవరికైనా వచ్చు. నాకూ వచ్చు, ఆరేళ్లు వేశాను. అసలు పని డబ్బా నిండాక మొదలవుతుంది, అది ఎంత విసుగు పనంటే చాలా ఇళ్లలో నిండిన డబ్బా నిండినట్టే మంచం కింద పడి ఉంటుంది, ఇల్లు మారినప్పుడల్లా ఎవరో ఒకరు తిట్టుకుంటూ దాన్ని మోస్తారు. అందుకని నేను వరస తిప్పి చెబుతాను. ముందు బయటికి తీసే సంగతి, ఆ తర్వాతే లోపల వేసే సంగతి.

నేను వాడింది 5 లీటర్ల గాజు సీసా. సన్నటి మెడ, చూడ్డానికి బాగుంటుంది, బిళ్ల వేసినప్పుడల్లా టంగుమని మోగుతుంది. మూడొంతులు నిండాక ఒకరోజు పక్కకి జరుపుదామని చెయ్యి వేస్తే కదల్లేదు. అప్పుడు గానీ లెక్క వేయలేదు. నాణేల్లో వాడే లోహాలు నీటి కంటే 7 నుంచి 9 రెట్లు బరువు, బిళ్లల మధ్య ఖాళీలు తీసేసినా సగానికి పైగా లోహమే, అంటే ఒక లీటరు చిల్లర 4 కిలోల పైమాటే. 5 లీటర్ల సీసా నిండితే 20 కిలోలు. గాజు సీసాని మెడ పట్టుకుని లేపితే మెడ చేతిలోకి, మిగతాది పాదాల మీదికి వస్తుంది. నేల మీద దుప్పటి పరిచి సీసాని పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాను. నాలుగు బిళ్లలు బయటికి వచ్చాయి, ఐదోది మెడలో అడ్డం తిరిగింది, దాని వెనక మరో రెండు చేరి మూత పెట్టినట్టు బిగుసుకున్నాయి. స్క్రూడ్రైవర్‌తో పొడవడం, సీసా ఊపడం, మూడు రాలడం, మళ్లీ బిగుసుకోవడం. మధ్యాహ్నమంతా అదే పని. చివరికి వేళ్లు నల్లగా అయ్యి, సబ్బుతో రెండుసార్లు కడిగినా వదలని ఆ చిల్లర వాసన. (అది ఇనుము వాసనో రాగి వాసనో అనుకుంటాం కానీ చాలావరకు మన చర్మం వాసనే, చేతి మీది నూనెలు లోహం తగిలి మారిపోతే పుట్టేది.)

ఇంత కష్టపడి సంచిలో వేసుకుని బ్యాంకుకి వెళ్తే కౌంటర్‌లో ఆవిడ సంచి వైపు చూసి, దేనికది వేరు చేసి లెక్కపెట్టి తెస్తే తీసుకుంటాం అని ఒక్క ముక్కలో చెప్పేసింది. ఆవిడ తప్పేం లేదు, నేనే ముందు కనుక్కోలేదు.

కాబట్టి డబ్బా కొనకముందే చేయాల్సింది ఒక ఫోన్ కాల్. మీ ఖాతా ఉన్న బ్యాంకులో నాలుగు సంగతులు అడగండి: నాణేలు జమ చేసుకుంటారా, వేరు చేసి తేవాలా, ఒక్కో కట్టలో ఎన్ని ఉండాలి, రుసుము ఏమైనా ఉందా. ఏ రోజు, ఏ వేళ రమ్మంటారో కూడా అడిగితే ఇంకా మంచిది, జీతాల రోజున చిల్లర మూటతో వెళ్లి లైన్లో నిలబడితే వెనకాలవాళ్ల చూపులు భరించాలి. కొన్ని దేశాల్లో చిల్లర పోస్తే తనే లెక్కపెట్టి నోట్లు గానీ రసీదు గానీ ఇచ్చే యంత్రాలు ఉన్నాయి. సుఖంగానే ఉంటాయి కానీ కొన్ని వందకి పదికి పైగా కమిషన్ పట్టుకుంటాయి, అంటే మీరు ఏడాది దాచినదాంట్లో నెలకి పైగా దాచింది దానికే పోయినట్టు. కమిషన్ ఎంతో చూడకుండా పోయకండి.

బ్యాంకు కంటే తేలికైన దారి ఒకటుంది, జనం ఎందుకో దాని జోలికి వెళ్లరు. రోజంతా చిల్లర కోసం అవస్థపడే వ్యాపారాలు మీ చుట్టుపక్కలే ఉంటాయి. తెలిసిన దుకాణదారుణ్ణి పొద్దున్నే షాపు తెరిచే వేళకి అడగండి, రద్దీలో అడిగితే విసుక్కుంటారు. లెక్కపెట్టి పొట్లాలు కట్టి తెస్తాను, నోట్లు ఇస్తారా అంటే చాలామంది సంతోషంగా తీసుకుంటారు. ఏ బిళ్లలు ఎక్కువ కావాలో వాళ్లే చెబుతారు, మీరు ఇంట్లో ఏవి దాచాలో అక్కడ తేలిపోతుంది. అలా ఒకసారి కుదిరితే ఇక ప్రతి రెండు మూడు నెలలకీ కుదురుతుంది.

అయితే చెప్పాపెట్టకుండా పెద్ద బిల్లు మొత్తం చిల్లరతో కట్టేద్దామని వెళ్లకండి. ఎన్ని నాణేలు తీసుకోవాలన్నదానికి చాలా దేశాల్లో చట్టమే హద్దు పెట్టింది. యూరో వాడే దేశాల్లో ఒక చెల్లింపులో 50 నాణేలకు మించి తీసుకోవాల్సిన అవసరం మామూలు దుకాణదారుకి లేదు. భారత్‌లో 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకంటే పెద్ద నాణేలు ఒకసారికి 1,000 రూపాయల వరకే చెల్లుబాటు, అర్ధరూపాయి బిళ్లలైతే 10 రూపాయల వరకే. హద్దు దాటితే అవతలివాళ్లు కాదనొచ్చు, మీరు వాదించినా లాభం లేదు.

ఇప్పుడు డబ్బా. పైన చెప్పిందాన్ని బట్టే అర్థమై ఉంటుంది, వెడల్పు మూతి ఉండాలి, మీ చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోవాలి. లీటరు లోపుది చాలు. నిండినా ఒంటిచేత్తో లేపగలగాలి. గాజు వద్దు, ప్లాస్టిక్ డబ్బా అయినా రేకు డబ్బా అయినా పరవాలేదు. రేకుదైతే లోపల తుప్పు లేకుండా చూసుకోండి. నిండుతున్నది బయటికి కనపడితే వేయాలనే ఉత్సాహం వస్తుంది, నిజమే, కానీ ఇంటికి వచ్చిపోయేవాళ్లకీ కనపడుతుంది, కాబట్టి కాస్త వాళ్ల కంటపడకుండా పెట్టుకోండి.

పగలగొడితే తప్ప తీయడానికి లేని మట్టి ముంత మంచిదా అని అడుగుతుంటారు. ఆ పద్ధతి చాలా పాతది. జావా ద్వీపంలో మజాపహిత్ రాజ్యం కాలానివి, అంటే 14, 15 శతాబ్దాల నాటివి, పంది ఆకారంలో ఉన్న మట్టి డిబ్బీలు తవ్వకాల్లో దొరికాయి. వాటిలో చెక్కుచెదరకుండా దొరికినవి తక్కువ, ఎక్కువభాగం ముక్కలే. ముక్కలుగా ఉండక ఏం చేస్తాయి, డబ్బు తీసుకున్నారు మరి! చేతికి నిలకడ లేదు, మధ్యలో తీసేస్తాను అనుకునేవాళ్లకి ముంత మంచిదే. కాకపోతే అందులో అన్ని రకాల బిళ్లలూ కలిసి పడతాయి, పగలగొట్టిన రోజు పెంకులు ఏరాలి, బిళ్లలూ ఏరాలి. నాకు ఓపిక లేదు.

ఎక్కడ పెట్టాలన్నది డబ్బా కంటే ముఖ్యం. మీరు ఇంటికి రాగానే తాళాలు ఎక్కడ పడేస్తారో, జేబులు ఎక్కడ ఖాళీ చేస్తారో సరిగ్గా అక్కడ ఉండాలి. స్టూల్ ఎక్కి అందుకోవాల్సిన అలమారలో పెడితే వారం వేస్తారు, ఎనిమిదో రోజు నుంచి బిళ్లలు మళ్లీ టేబుల్ మీదే. మా ఇంట్లో ఆరేళ్ల చిల్లరలో కొంత ప్యాంటు జేబుల్లోంచి వాషింగ్ మెషిన్‌లోకి వెళ్లి, గడగడమని తిరిగి, మెరుస్తూ బయటపడిందే. అది మెషిన్‌కి మంచిది కాదు, పంపు దగ్గర ఇరుక్కుంటే మెకానిక్‌కి ఇచ్చే డబ్బు డబ్బాలో దాచిన దానికంటే ఎక్కువ.

అన్నిటికంటే నాకు పనికొచ్చిన మార్పు ఇది: వేసేటప్పుడే వేరు చేయడం. ఒక పెద్ద డబ్బా బదులు మూడు చిన్న డబ్బాలు. ఎక్కువగా వచ్చే రెండు రకాల బిళ్లలకి చెరొకటి, మిగతా అన్నిటికీ ఒకటి. వేసేటప్పుడు వేరు చేయడానికి రెండు సెకన్లు పడుతుంది, ఏడాది తర్వాత వేరు చేయాలంటే ఆదివారం పోతుంది. డబ్బా మీద పేరు రాయక్కర్లేదు, లోపల ఏముందో కనపడుతూనే ఉంటుంది కదా, కానీ ఇంట్లో నలుగురు వేస్తుంటే రాయండి, లేకపోతే ఎవరో ఒకరు హడావిడిలో అన్నీ ఒకదాంట్లో పోసేస్తారు.

జేబులో ఉన్న చిల్లరంతా వేసేయాలా? వద్దు. రోజూ అవసరమయ్యే చిల్లర కొంత గుమ్మం దగ్గర చిన్న గిన్నెలో ఉంచుకోండి, అది దాచే డబ్బు కాదు, వాడే డబ్బు. ఈ రెండూ కలిపేస్తేనే గొడవ. పొద్దున్నే హడావిడిలో డబ్బాలోంచి నాలుగు తీయడం, సాయంత్రం వేస్తాలే అనుకోవడం, వేయకపోవడం. కొందరు ఒకే రకం నాణెం ఎంచుకుని అది చేతికొస్తే ఇక ఖర్చు పెట్టరు, నేరుగా డబ్బాలోకే. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఆలోచించే పని లేదు, వేరు చేసే పని లేదు, లెక్క కూడా తేలిక. అన్నిటికంటే చిన్న నాణెం ఎంచుకుంటే మాత్రం బరువు పెరుగుతుంది, డబ్బు పెరగదు. పెద్దదాని కింద రెండోదో మూడోదో ఎంచుకోండి.

తీయాల్సి వస్తే? వస్తుంది, రాకుండా ఉండదు. తీసిన ప్రతిసారీ ఎంత తీశారో చీటీ రాసి అందులోనే పడేయండి. డబ్బు తిరిగి పెట్టాక చీటీ చింపేయండి. పిల్లలున్న ఇంట్లో ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, నాన్న చీటీలు ఎన్ని ఉన్నాయో వాళ్లే లెక్కపెట్టి అడుగుతారు, తప్పించుకోలేరు.

లెక్కపెట్టే దగ్గరికి వద్దాం. ఒక్కొక్కటీ లెక్కపెడితే 200 దాటాక ఎవరో పిలుస్తారు, మళ్లీ మొదటికి. ఇంట్లో చేయగలిగిన తేలిక మార్గాలు రెండు. మొదటిది అట్టముక్క. పాత కార్టన్ అట్టని జానెడు పొడవున కోసి మధ్యకి మడిచి పుస్తకం తెరిచినట్టు నిలబెడితే లోయలాగా వస్తుంది. ఒకే రకం బిళ్లల్ని అందులో అంచుల మీద నిలబెట్టి పక్కపక్కన పేర్చండి, వేలితో ఒక చివరికి గట్టిగా నొక్కండి. మొదటి 50 మాత్రం లెక్కపెట్టి అవి ఎంత పొడవు వచ్చాయో పెన్నుతో గీత గీసుకోండి, మామూలు బిళ్లలైతే బెత్తెడుకి కాస్త అటూఇటూ వస్తుంది. ఇక లెక్క అక్కర్లేదు. గీత దాకా పేర్చడం, కాగితం చుట్టడం, పక్కన పెట్టడం. ఒక్కో రకం బిళ్లకి మందం వేరు కాబట్టి గీత వేరు, ఒకే అట్ట మీద మూడు రంగుల పెన్నులతో గీసుకోవచ్చు. గీత దాకా వచ్చాక ఒక బిళ్ల తీసి చూడండి, ఖాళీ స్పష్టంగా కనపడితే మీ గీత సరిగ్గా ఉన్నట్టే.

రెండోది వంటింటి డిజిటల్ కాటా. 50 బిళ్లలు తూచండి, తర్వాత మొత్తం కుప్ప తూచండి. 50 బిళ్లలు 190 గ్రాములు ఉండి, కుప్ప 1,254 గ్రాములు తూగితే, 1,254ని 190తో భాగించి 50తో గుణిస్తే 330 బిళ్లలు. గిన్నె బరువు తీసేయడం మరిచిపోకండి, నేను ఒకసారి మరిచిపోయి గొప్పగా సంబరపడ్డాను. 10 బిళ్లలే తూచి లెక్క వేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే ఇంట్లో కాటా గ్రాములో సగం అటూఇటూ చూపించినా 330 బిళ్లల కుప్పలో నాలుగైదు బిళ్లల తేడా వచ్చేస్తుంది. 50 తూస్తే తేడా ఒక బిళ్లకి తగ్గుతుంది. ఇంకో చిక్కు, ఒకే విలువ ఉన్న నాణెం అన్ని కాలాల్లోనూ ఒకే బరువు ఉండదు. అమెరికా సెంటు 1982 దాకా 3.11 గ్రాములు ఉండేది, ఆ ఏడాదే లోహం మార్చి 2.5 గ్రాములకి తగ్గించారు, రెండూ ఇప్పటికీ కలిసే తిరుగుతుంటాయి. మీ దగ్గర కూడా పాతవి లావుగా, కొత్తవి పల్చగా ఉంటే ముందు వాటిని విడదీయండి, లేదా కాటా వదిలేసి అట్టముక్కతో, అదీ విడివిడిగా, చేసుకోండి. అయస్కాంతం ఒకటి దగ్గరుంటే పని సగం తగ్గుతుంది, చాలా నాణేల్లో ఉక్కు ఉంటుంది, రాగి, నికెల్ మిశ్రమంతో చేసినవి అంటుకోవు.

పొట్లం కట్టేటప్పుడు సెలోటేప్ నేరుగా బిళ్లలకి అంటించకండి. జిగురు వదలదు, యంత్రంలో పోస్తే అక్కడే అతుక్కుంటుంది, మనుషులకి ఇస్తే మొహం చిట్లిస్తారు. మామూలు కాగితం గట్టిగా చుట్టి రెండు చివర్లూ లోపలికి మడవండి, పైన ఎన్ని ఉన్నాయో, మొత్తం ఎంతో రాయండి. సన్నటి మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచొద్దు. పీవీసీ కవర్లయితే వాటిలోంచి ఊరే పదార్థం బిళ్లల మీద ఆకుపచ్చ జిగటగా పేరుకుంటుంది. తేమ ఉన్న చోట, స్నానాల గది గోడకి ఆనించి అస్సలు పెట్టకండి.

మురికిగా ఉన్నవి గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు వేసి కడిగి, పాత తువ్వాలు మీద పూర్తిగా ఆరబెడితే చాలు. పులుపు పదార్థాలతో, పళ్లపొడితో తోమి తళతళలాడించాల్సిన పని లేదు, విలువ పెరగదు. పైగా కుప్పలో నిజంగా పాత నాణెం, అరుదైన నాణెం ఏదైనా ఉంటే తోమితే దాని విలువ పడిపోతుంది, సేకరించేవాళ్లు తోమిన నాణేన్ని చూడగానే పట్టేస్తారు. అనుమానం వచ్చిన బిళ్లని తోమకుండా కాగితంలో చుట్టి పక్కన పెట్టండి.

చిన్న పిల్లలున్న ఇంట్లో డబ్బాకి మూత ఉండాలి, డబ్బా వాళ్లకి అందని చోట ఉండాలి, ఇందులో మొహమాటం లేదు. బిళ్ల మింగడం ఒక ప్రమాదం, దానికంటే పెద్దది బొత్తాం బ్యాటరీ. రిమోట్లలో, బొమ్మల్లో వాడే ఆ గుండ్రటి బ్యాటరీ అచ్చం నాణెంలా ఉంటుంది, ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని కూడా చిల్లర డబ్బాలో పడేస్తారు, నా డబ్బాలోనే రెండు దొరికాయి. అది గొంతులో ఇరుక్కుంటే 2 గంటల్లోనే లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. మింగిందని అనుమానం వచ్చినా సరే, ఏడవట్లేదు కదా అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కుక్క ఉంటే ఇంకో జాగ్రత్త, జింక్ ఎక్కువ ఉన్న నాణేలు కుక్క కడుపులోని ఆమ్లానికి కరిగి రక్తకణాలని దెబ్బతీస్తాయి.

ఎప్పుడు ఖాళీ చేయాలి? నిండినప్పుడు అనుకోకండి, తేదీ పెట్టుకోండి. నేను మూడు నెలలకి ఒకసారి తీస్తున్నాను. డబ్బాలో ఉన్న డబ్బుకి వడ్డీ లేదు, ధరలు పెరిగేకొద్దీ దాని విలువ కరుగుతూనే ఉంటుంది. అదీగాక ప్రభుత్వాలు నాణేలని మార్చేస్తుంటాయి. బ్రిటన్‌లో పాత గుండ్రటి పౌండు నాణెం 2017 అక్టోబర్ 15 తర్వాత దుకాణాల్లో చెల్లలేదు, భారత్‌లో పావలా, అంతకంటే చిన్న బిళ్లలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. ముందే చెప్పి, మార్చుకోవడానికి గడువు ఇస్తారు, మంచం కింద డబ్బా ఉన్న సంగతే మరిచిపోయినవాళ్లకి ఆ గడువుతో పనేముంది. నా సీసాలో కూడా చెల్లనివి గుప్పెడు తేలాయి. అవి ఇప్పుడు క్యారమ్స్ ఆడేటప్పుడు తగ్గిన కాయిన్ల బదులు వాడుతున్నాం.

తీసిన డబ్బు అదే రోజు ఎక్కడికో వెళ్లాలి, ఖాతాలోకో, ఎవరికైనా బాకీ ఉంటే అక్కడికో. నోట్లుగా మార్చి పర్సులో పెట్టుకుంటే సాయంత్రానికి అయిపోతుంది, అది నేను రెండుసార్లు చేసి చూశాను. క్రెడిట్ కార్డు మీద వడ్డీ పడుతూ ఉంటే మాత్రం నా మాట వినండి, డబ్బా పక్కన పెట్టి చిల్లర కూడా ముందు దానికే కట్టండి. ఒకవైపు వడ్డీ కడుతూ ఇంకోవైపు బిళ్లలు పేర్చుకోవడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఇంత చెప్పాక కొందరు అడుగుతారు, ఇప్పుడంతా ఫోన్‌లోనే కదా, చేతికి చిల్లర వస్తే కదా దాచడానికి అని. నిజమే, నాకూ ముందంత రావట్లేదు. దానికి బ్యాంకులు ఎప్పుడో ఒక పద్ధతి కనిపెట్టాయి, 2005లో బ్యాంక్ ఆఫ్ అమెరికా మొదలుపెట్టిన పథకంలో కార్డుతో ఏది కొన్నా ఆ మొత్తాన్ని పై డాలర్‌కి సర్ది, తేడాని పొదుపు ఖాతాలో వేసేవారు. మీ బ్యాంకులో అలాంటిది ఉంటే పెట్టుకోండి, లేకపోయినా చేత్తో చేసుకోవచ్చు. ఆదివారం రాత్రి వారం చెల్లింపుల జాబితా తెరిచి, ప్రతి మొత్తాన్నీ పై పదికో పై వందకో సర్ది, తేడాలన్నీ కూడి, ఆ మొత్తాన్ని వేరే ఖాతాకి ఒక్కసారి పంపేయాలి. ఆ వేరే ఖాతా యాప్ ఫోన్‌లో మొదటి పేజీలో ఉండకూడదు, అదొక్కటి చూసుకోండి. జాబితా తెరిస్తే ఆ వారం ఏమేం కొన్నారో కూడా కళ్లబడుతుంది, నాకైతే మొదటి ఆదివారమే ఎప్పుడో వాడటం మానేసిన యాప్ ఒకటి నెలనెలా డబ్బు లాగుతున్నట్టు బయటపడింది.